భారత నాణేల సేకరణ

భారత నాణేల సేకరణ అంటే చెలామణీలో ఉన్న నాణేలను, చెలామణీ నుంచి తప్పుకున్నవాటిని ఏరి, గుర్తుపట్టి, వరుసలో పెట్టి, పాడవకుండా దాచుకునే అభిరుచి. నాణేలను చరిత్రకు ఆధారాలుగా చదివే నాణకశాస్త్రం దీనికి పెద్దన్న వంటిది. భారత నాణకశాస్త్ర సంఘం 1910లో అలహాబాదులో ఏర్పడింది. పరమేశ్వరీలాల్ గుప్తా వంటి పండితుల కృషితో నాసిక్ దగ్గరి ఆంజనేరిలో ఒక పరిశోధన సంస్థ కూడా వెలిసింది. ఈ వ్యాసం పండితుల గురించి కాదు. ఇంట్లో డబ్బాలో నాణేలు దాచుకునేవారు, సెలవురోజు సంతలో కుప్పలు గాలించేవారు, ఫోటోలు పంపుకుని ఒకరినొకరు అడిగి తెలుసుకునేవారు దశాబ్దాలుగా పోగేసిన ఆచరణ జ్ఞానం గురించి.

నలుగురు సేకర్తలు చేరిన చోట కొత్తగా వచ్చినవాడు అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "అన్నా, దీనికి ఎంతొస్తుంది?" పాతకాపులు ధర చెప్పరు, ఎదురు ప్రశ్నలు వేస్తారు. ఏ సంవత్సరం? సంవత్సరం కింద గుర్తేముంది? బరువెంత? అంచు ఎలా ఉంది, నున్నగానా, గీతలతోనా? బొమ్మ, బొరుసు రెండూ ఫోటో తీశావా? విసుగుతో వేసే ప్రశ్నలు కావివి. ఒకే ఏడాది, ఒకే విలువ గల రెండు నాణేలలో ఒకటి ముఖ విలువకే చెల్లి, రెండోది దానికి వందల రెట్లు పలకడానికి కారణాలన్నీ వీటి జవాబుల్లోనే ఉంటాయి.

వయసు, ధర

పాతదైతే ఖరీదైనదే అన్న నమ్మకం ఈ అభిరుచిలో అన్నిటికంటే ముందు వదిలించుకోవలసినది. పద్దెనిమిది వందల ఏళ్ళనాటి శాతవాహనుల సీసపు నాణెం, బొమ్మ అరిగినదైతే, కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఈస్టిండియా కంపెనీ 1835 నాటి పావు అణా రాగి నాణెం లెక్కకు మిక్కిలిగా అచ్చయింది. తాతగారి పెట్టెలో అది కనబడగానే ఇల్లు కొనేయవచ్చని ఊహించుకునేవారు ఏటా తగులుతూనే ఉంటారు. అదే ఆరో జార్జి బొమ్మతో 1939లో వచ్చిన వెండి రూపాయి కోసం సేకర్తలు వెతుకులాడతారు. అది చాలా తక్కువగా బయటికి వచ్చింది. ఎన్ని అచ్చయ్యాయి, అందులో ఎన్ని మిగిలాయి, మిగిలినవి ఏ స్థితిలో ఉన్నాయి, వాటిని కోరుకునేవారెందరు అన్న నాలుగే ధరను తేలుస్తాయి.

ఎన్ని మిగిలాయన్నదానికి మంచి ఉదాహరణ 1911 నాటి ఐదో జార్జి రూపాయి. రాజు ధరించిన బిరుదు హారంలో చిన్న ఏనుగు ఉంటుంది. అచ్చులో దాని తొండం పొట్టిగా పడి, జనానికి పందిలా కనిపించింది. ముస్లింలకు నచ్చని గుర్తు రాజు ఎదమీద ఉందన్న కలకలం రేగింది. ప్రభుత్వం పంపిణీ ఆపి, అచ్చయినవాటిలో అధిక భాగాన్ని కరిగించింది. 1912 రూపాయిపై తొండం స్పష్టంగా చెక్కారు. సేకర్తలు "పంది రూపాయి" అని పిలిచే 1911 నాణేన్ని పట్టుకోవాలంటే భూతద్దం పెట్టి చూడవలసింది ఆ చిన్న జంతువునే.

ఏం పోగేస్తారు

మొదలుపెట్టేవారిలో ఎక్కువమంది స్వతంత్ర భారత నాణేలతోనే మొదలుపెడతారు. 1950 ఆగస్టు 15న రాజు తల పోయి అశోక స్తంభపు సింహాలు నాణేల మీదికి వచ్చాయి. రూపాయికి 16 అణాలు, 64 కాణీలు, 192 దమ్మిడీల లెక్క అప్పటికింకా సాగుతూనే ఉంది. 1957 ఏప్రిల్ 1 నుంచి దశాంశ పద్ధతి వచ్చి రూపాయికి వంద నయాపైసలయ్యాయి. 1964 జూన్ 1 నుంచి "నయా" పోయి ఉత్త పైసలు మిగిలాయి. ఆ తర్వాత రాగి, నికెల్ ఖరీదెక్కి చిన్న నాణేలు క్రమంగా అల్యూమినియంలోకి మారాయి. ఆరు పలకల మూడు పైసలు, అంచు అలలుగా ఉండే రెండు పైసలు, పసుపురంగు కమలం ఇరవై పైసలు ఆ రోజులవే. 25 పైసలు, అంతకన్నా చిన్నవి 2011 జూన్ 30 నుంచి చెల్లవు. అర్ధరూపాయి మాత్రం చట్టం ప్రకారం నేటికీ చెల్లుతుంది, దుకాణదారు ఏమన్నా సరే.

కొందరిది ఏళ్ళవారీ సెట్: ఒక విలువను ఎంచుకుని, ప్రతి ఏడాదికీ ప్రతి మింటుకూ ఒక్కోటి. కొందరు రకానికొకటి చాలంటారు. కొందరు స్మారక నాణేలకే పరిమితం. స్మారకాల వరస 1964లో నెహ్రూ బొమ్మతో వచ్చిన అర్ధరూపాయి, రూపాయిలతో మొదలైంది. 1969లో గాంధీ శతజయంతికి పది రూపాయల వెండి నాణెం వచ్చింది. బృహదీశ్వరాలయం వెయ్యేళ్ళ సందర్భానికి వెయ్యి రూపాయల నాణెం కూడా వచ్చింది. ఎన్టీఆర్ శతజయంతికి హైదరాబాదు మింటు ముద్రించిన వంద రూపాయల నాణేన్ని 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము విడుదల చేశారు. దాని కోసం తెలుగునాట జనం వరుసల్లో నిలబడ్డారు. అంతకుముందు నాణేల ఊసే ఎత్తని వాళ్ళు కూడా అందులో ఉన్నారు. ఆ నాణెంలో సగం వెండి, 40 శాతం రాగి, మిగతా పదిలో నికెల్, జింకు సగం సగం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వెండి కరవై, 1940 నుంచి ఆరో జార్జి రూపాయిల్లో వాడినదీ ఈ మిశ్రమమే.

సంవత్సరం కింది గుర్తు

రోజువారీ సంభాషణలో సగం దీని చుట్టూనే తిరుగుతుంది. భారతదేశంలో నాలుగు మింట్లు ఉన్నాయి: కోల్‌కతా, ముంబయి, హైదరాబాదు, నోయిడా. 2006 నుంచి ఇవన్నీ కేంద్ర ప్రభుత్వ సెక్యూరిటీ ప్రింటింగ్ అండ్ మింటింగ్ కార్పొరేషన్ కింద ఉన్నాయి. నాణెం మీది సంవత్సరం కింద వజ్రం ఆకారపు చిన్న గుర్తు ఉంటే అది ముంబయి. ఐదు కోణాల నక్షత్రం ఉంటే హైదరాబాదు. గుండ్రటి చుక్క నోయిడా. ఏమీ లేకపోతే కోల్‌కతా. ఇంతవరకు బడిపిల్లలు కూడా అరగంటలో నేర్చుకుంటారు.

చిక్కు అక్కణ్ణుంచి మొదలవుతుంది. హైదరాబాదు నక్షత్రం మొదటి నుంచీ లేదు. నయాపైసల కాలపు నాణేల మీద ఆ మింటు గుర్తు మధ్యకు చీలిన వజ్రం, ఆ తర్వాత లోపల చుక్క ఉన్న వజ్రం. కాస్త అరిగితే ఈ రెండూ ముంబయి వజ్రంలాగే కనబడతాయి. నోయిడా మింటు 1988లో మొదలైంది కాబట్టి అంతకుముందు సంవత్సరం కింద చుక్క కనబడితే అది మచ్చో, దెబ్బో అయి ఉంటుంది. కోల్‌కతాకు గుర్తు లేకపోవడం కూడా తంటాయే. అచ్చు నిండిపోయి నక్షత్రం పడని హైదరాబాదు నాణెం కోల్‌కతాదిగా చెలామణీ అవుతుంది. అనుభవజ్ఞులు అంకెల ఆకారం, సింహాల జూలు గీతలు, అంచు వెడల్పు పోల్చి చూసి తేలుస్తారు. పదిరెట్ల భూతద్దం, పక్కనుంచి పడే టేబుల్ లైటు వెలుగు లేకుండా ఈ పని జరగదు. నాణేన్ని వేళ్ళ మధ్య మెల్లగా తిప్పుతుంటే, నేరుగా చూసినప్పుడు కనబడని నక్షత్రపు కోణం ఒక్క క్షణం మెరుస్తుంది.

మన మింట్ల సామర్థ్యం చాలని రోజుల్లో ప్రభుత్వం విదేశాల్లో నాణేలు కొట్టించింది. 1985 రూపాయి మీద సంవత్సరం కింద ఇంగ్లీషు "హెచ్" అక్షరం ఉంటే అది బర్మింగ్‌హామ్‌లోని హీటన్ మింటులో పుట్టినది. అదే ఏడాది రూపాయి మీద మొదటి అంకె కింద వజ్రం ఉంటే బ్రిటన్‌లోని లాంట్రిసాంట్‌ది. వజ్రమనగానే ముంబయి అనేయకూడదు, అది ఏ అంకె కింద ఉందో చూడాలి. 1990ల చివర వచ్చిన కొన్ని నాణేలపై స్లొవేకియాలోని క్రెమ్నిత్సా మింటు "ఎంకే" అక్షరాలు, మాస్కో మింటు "ఎంఎండీ" అక్షరాలు కనిపిస్తాయి. వీటిని పోగేయడానికి ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. కుర్ర సేకర్తలకు పెద్దలు తరచూ సూచించే అంశం ఇదే.

స్థితి

నాణెం ఎంత అరిగిందన్నది ఒక కొలబద్ద మీద చెబుతారు. చెలామణీలోకి వెళ్ళని మింటు మెరుపుది యూఎన్‌సీ, దాని కింద, అరుగుదల పెరిగే వరసలో, ఎక్స్‌ఎఫ్, వీఎఫ్, ఎఫ్, వీజీ. అమెరికాలో విలియం షెల్డన్ 1949లో ప్రచురించిన ఒకటి నుంచి 70 దాకా అంకెల పద్ధతి కూడా ఇప్పుడు మన వేలంపాటల్లో వినబడుతోంది. అరుగుదల మొదట ఎత్తైన చోట మొదలవుతుంది. విక్టోరియా రూపాయి మీద రాణి చెంప, చెవి దగ్గరి జుట్టు, కిరీటపు ముత్యాలు చూస్తారు. అశోక స్తంభం నాణేల మీద మధ్య సింహం ముక్కు, గుండె చూస్తారు. అమ్మేవాడు ఎప్పుడూ ఒక మెట్టు పైకి చెబుతాడు, కొనేవాడు ఒక మెట్టు కిందికి. ఈ బేరం లేకపోతే సంతకు వెళ్ళడంలో సగం సరదా పోతుంది.

తోమొద్దు

ఈ రంగంలో అందరూ ఏకాభిప్రాయంతో చెప్పే మాట బహుశా ఇదొక్కటే. ఇత్తడి దీపాలు చింతపండుతో తోమి తళతళలాడించే ఇళ్ళలో పెరిగినవారికి ఇది మింగుడుపడదు. తాతల నాటి రాగి కాణీ నల్లగా కనబడగానే చెయ్యి చింతపండు మీదికో, నిమ్మచెక్క మీదికో, పళ్ళపొడి మీదికో పోతుంది. తోమిన మరుక్షణం అది గులాబీరంగులో మెరుస్తుంది. సేకర్త చేతికి వచ్చేసరికి దాని విలువ సగానికి సగం పడిపోయి ఉంటుంది. ఆ నల్లదనం లోహం పైన దశాబ్దాలుగా ఏర్పడిన పలుచటి పొర. అదే కింది లోహాన్ని కాపాడుతుంది. ఆమ్లం ఆ పొరను తినేస్తుంది, పొడి దాని కింద సన్నటి గీతలు గీస్తుంది. భూతద్దంలో చూస్తే ఆ గీతలన్నీ ఒకే దిక్కుకు సాగి ఉంటాయి. సహజంగా పడ్డ గీతలకు అలాంటి క్రమం ఉండదు కాబట్టి తోమిన నాణేన్ని దాచడం కుదరదు.

మట్టి పట్టిన నాణేన్ని డిస్టిల్డ్ వాటర్‌లో కొన్ని రోజులు నానబెట్టి, రోజూ నీళ్ళు మార్చి, మెత్తటి నూలు గుడ్డ మీద అద్ది ఆరబెట్టాలి. రుద్దకూడదు. జిగురు, ప్లాస్టిక్ జిడ్డు అంటితే శుద్ధమైన అసిటోన్ వాడతారు. గాలి ఆడే చోట, పొయ్యికి దూరంగా, గాజు గిన్నెలో వాడాలి. గోళ్ళ రంగు తీసే ద్రావకంలో పరిమళాలు, నూనెలు కలిసి ఉంటాయి కాబట్టి అది పనికిరాదు. రాగి మీద పొడిపొడిగా లేత ఆకుపచ్చ చిలుము పుట్టి, గీకినా మళ్ళీ వస్తుంటే అది రోగం. అలాంటి నాణేన్ని మిగతావాటి నుంచి వెంటనే వేరు చేస్తారు.

గోదావరి వంతెన మీద రైలు కిటికీల్లోంచి విసిరిన నాణేలు కూడా సేకర్తల చేతికి వస్తుంటాయి. రాజమండ్రి దగ్గర పిల్లలు తాడు చివర అయస్కాంతం కట్టి నదిలోంచి వాటిని పైకి లాగుతారు. ఆ అయస్కాంతానికి స్టీలు నాణేలు అంటుకుంటాయి, పాత రాగి-నికెల్ రూపాయిలు అంటుకోవు. పాతవి ఇసుకలోనే ఉండిపోతాయి. పైకి వచ్చినవి ఇసుక రాపిడికి గరుకెక్కి ఉంటాయి కనుక సేకరణకు పెద్దగా పనికిరావు.

దాచుకోవడం

నాణేన్ని అంచులు పట్టుకుని ఎత్తాలి, ముఖం మీద వేలు పెట్టకూడదు. వేలిముద్రలోని ఉప్పు, చెమట కొన్ని నెలల తర్వాత గోధుమరంగు మచ్చగా బయటపడతాయి, ముఖ్యంగా రాగి మీద. కిందపడినా దెబ్బ తగలకుండా కింద మెత్తటి తువ్వాలు పరిచి చూడటం మంచి అలవాటు. చవకగా దొరికే మెత్తటి ప్లాస్టిక్ ఆల్బమ్ పేజీలు పీవీసీవి. మన ఎండలకు అవి ఆవిర్లు విడిచి నాణెం మీద జిగట ఆకుపచ్చ పొరను ఏర్పరుస్తాయి. మైలార్ కిటికీ ఉన్న చదరపు అట్ట హోల్డర్లు నయం. కాకపోతే స్టేపుల్ పిన్నులను పట్టకారుతో చదును చేయాలి. లేకపోతే పక్క హోల్డర్ మీద గీరుతాయి. నాణెం తీసేటప్పుడు పిన్ను తగిలి గీతపడటం ఈ లోకంలో అతి సాధారణ ప్రమాదం.

విశాఖ, కాకినాడ, నెల్లూరు వంటి సముద్రతీర పట్టణాల్లో ఉప్పుగాలి పెద్ద శత్రువు. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వర్షాకాలంలో వాటిని మార్చాలి. సీసపు నాణేలకు చెక్క బీరువాలు, అట్ట పెట్టెలు ప్రమాదకరం. చెక్క వదిలే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లటి పొడిగా రాలిపోతుంది. శాతవాహనుల నాణేలు రెండు వేల ఏళ్ళు భూమిలో నిలిచి, టేకు బీరువాలో పదేళ్ళకే పాడవడం ఇందుకే. సీసాన్ని ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలని వేరే చెప్పనక్కర్లేదు.

తూకం, అయస్కాంతం, నీళ్ళు

గ్రాములో వందో వంతు చూపే చిన్న ఎలక్ట్రానిక్ తూకం సేకర్త కొనవలసిన మొదటి పరికరం, ఆల్బమ్ కన్నా ముందు. బ్రిటిష్ కాలపు వెండి రూపాయి 11.66 గ్రాములు, అందులో 91.7 శాతం వెండి. అరుగుదలకు కొంత తగ్గవచ్చు గాని, కొత్తలా కనిపిస్తూ 10.5 తూగే విక్టోరియా రూపాయిని అక్కడే వదిలేయాలి. బరువు సరిపోయినా అనుమానం తీరకపోతే నీళ్ళ పరీక్ష ఉంది. గ్లాసుడు నీళ్ళు తూకం మీద పెట్టి సున్నా చేయాలి. నాణేన్ని సన్నటి దారానికి కట్టి, అడుగుకూ గోడలకూ తగలకుండా నీళ్ళలో వేలాడదీయాలి. అసలు రూపాయి అయితే తూకం సుమారు 1.13 గ్రాములు చూపిస్తుంది. అదే బరువున్న రాగి-నికెల్ నకిలీ 1.3 చూపిస్తుంది. నాణేనికి చిన్న గీత కూడా పడకుండా ఇంట్లోనే జరిగే పరీక్ష ఇది. కంసాలి గీటురాయి మీద గీసి చూస్తానంటే వద్దనాలి.

అయస్కాంతం సూత్రం అంత సులువు కాదు. వెండి అంటుకోదు, నిజమే. కానీ అంటుకున్న ప్రతిదీ నకిలీ అనుకుంటే పొరపాటు. పులి బొమ్మతో 1947లో వచ్చిన ఆరో జార్జి రూపాయి శుద్ధ నికెల్. నికెల్ అయస్కాంతానికి అంటుకుంటుంది కాబట్టి అంటుకోని పులి రూపాయినే అనుమానించాలి. 1950 రూపాయి కూడా నికెల్‌దే. 1975 తర్వాతి రాగి-నికెల్ రూపాయి అంటుకోదు. 1992 నుంచి వచ్చిన చిన్న స్టీలు రూపాయి అంటుకుంటుంది. ఇదే ఏళ్ళలో వచ్చిన తొమ్మిది గ్రాముల మందపాటి రాగి-నికెల్ ఐదు రూపాయల నాణెం ముఖ విలువను మించిన లోహం మోస్తుండేది. వాటిని బంగ్లాదేశ్‌కు దొంగచాటుగా తరలించి, కరిగించి బ్లేడ్లు చేస్తున్నారని వార్తలు వచ్చాయి. 2007 నుంచి ఆ నాణెం తేలికైన స్టీలుకు మారింది.

మోసాలు, పుకార్లు

పాత నాణెం ఫోటో పంపితే లక్షలిస్తామని, ముందుగా జీఎస్టీయో కమీషనో కట్టమని అడిగే ప్రకటనలు వదంతులను ఆసరా చేసుకుని పుట్టినవి. వైష్ణోదేవి బొమ్మతో 2012లో వచ్చిన ఐదు, పది రూపాయల నాణేలు వీటిలో ఎక్కువగా కనిపిస్తాయి. సంతలో వాటికి ముఖ విలువ మీద కొద్దిపాటి ఎక్కువ దక్కుతుంది, అంతే. తమ పేరు, ముద్ర వాడి పాత నాణేలు కొంటామనేవారిని నమ్మవద్దని, అలాంటి లావాదేవీలతో తమకు సంబంధం లేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించింది. కొనేవాడు అమ్మేవాణ్ణి డబ్బు అడిగాడంటే అక్కడితో సంభాషణ ముగించాలి.

రెండో రకం ఊహా నాణేలు. "ఈస్టిండియా కంపెనీ, 1818, యూకేఎల్ ఒక అణా" అని రాసి, వెనుక రామ పట్టాభిషేకమో, హనుమంతుడో, కమలమో ఉండే రాగి బిళ్ళలు ఊరూరా తిరుగుతున్నాయి. కంపెనీ మద్రాసులో వరహాల మీద విష్ణుమూర్తిని ముద్రించిన మాట నిజమే. ఈ బిళ్ళలను మాత్రం ఏ మింటూ నాణెంగా కొట్టలేదు. పూజకు వాడే పాత రామటంకాలకు వేరే సంప్రదాయం, వేరే సేకర్తలు ఉన్నారు. యూకేఎల్ బిళ్ళలు ఆ కోవలోకి కూడా రావు.

వీటిలో అతి ప్రమాదకరమైనది తెలుగు రాష్ట్రాల పోలీసులకు బాగా పరిచయమున్న రైస్ పుల్లర్. పిడుగు పడిన రాగి నాణేనికో చెంబుకో ఇరిడియం శక్తి వచ్చిందని, అది బియ్యపు గింజలను లాక్కుంటుందని, విదేశీ అంతరిక్ష సంస్థలు కోట్లిచ్చి కొంటాయని కథ చెబుతారు. గింజలకు ముందే ఇనుప రజను పట్టించి, లోపల అయస్కాంతం దాచి చూపిస్తారు. "పరీక్ష ఖర్చుల" పేరుతో లక్షలు పోగొట్టుకున్నవారిలో చదువుకున్నవాళ్ళు తక్కువేం కాదు. రాగి, ఇరిడియం రెండూ బియ్యాన్ని ఆకర్షించవు.

పది రూపాయల నాణెం వ్యవహారం వేరు. మధ్యలో ఒక లోహం, చుట్టూ మరో లోహంతో ఉండే ఈ నాణేన్ని మన ఊళ్ళలో చాలా దుకాణాలు, బస్సులు ఏళ్ళ తరబడి తీసుకోలేదు. పది గీతలున్నదే అసలుదని, పదిహేను గీతలున్నది నకిలీ అని పుకారు. రూపాయి గుర్తు 2011లో నాణేల మీదికి రాకముందు ఒక నమూనా, వచ్చాక మరో నమూనా. గీతల తేడా అక్కడిదే. 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు పద్నాలుగు నమూనాలను పేర్కొని అన్నీ చెల్లుతాయని చెప్పింది. దుకాణదారులు వద్దన్న నాణేలు సేకర్తల ఆల్బమ్‌లు నింపాయి. పద్నాలుగూ పూర్తిచేసినవాళ్ళకు అప్పట్లో ముఖ విలువకు మించి పైసా ఖర్చు కాలేదు.

తప్పు ముద్రలు

అచ్చు జరిగిపోయి సగం బొమ్మే పడినవి, బిళ్ళ అంచు తెగినవి, ఒకవైపు బొమ్మే రెండోవైపు లోపలికి తిరగబడి పడినవి ఎర్రర్ నాణేలు. ఈ చివరిదాన్ని ఉత్తరాది వ్యాపారులు "లఖీ" అంటారు. ముందు అచ్చయిన నాణెం అచ్చుకే అంటుకుపోతే, తర్వాతి బిళ్ళ మీద అది ముద్రగా దిగుతుంది. భారత గణతంత్ర నాణేన్ని నిలువు ఇరుసు చుట్టూ తిప్పితే రెండోవైపు కూడా నిటారుగానే ఉండాలి. అది పక్కకు తిరిగి ఉంటే అచ్చు తిరిగిన ఎర్రర్. చిల్లర లెక్కపెట్టేటప్పుడు ఎవరైనా సులువుగా చూడగలిగేది ఇది.

ఇంట్లో తయారయ్యే ఎర్రర్లూ ఉన్నాయి. పది రూపాయల నాణెం మధ్య బిళ్ళను సుత్తితో ఊడగొట్టి తిరగేసి బిగిస్తారు. రెండు నాణేలను సగానికి కోసి "రెండు బొమ్మల నాణెం" చేస్తారు. అంచు లోపలి వలయం వెంట సన్నటి అతుకు కనిపిస్తే అది వర్క్‌షాపు పనే. మింటులో తప్పు జరిగే దారి ఏదో ఊహించి చెప్పగలిగితేనే ఎర్రర్‌ను నమ్మాలన్నది పాతకాపుల నియమం.

తెలుగు నేల నాణేలు

హైదరాబాదు సేకర్తలకు చార్మినార్ రూపాయి మీద ఉండే మమకారం అంతా ఇంతా కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, చేత్తో కొట్టే నాణేల స్థానంలో యంత్రంపై కొట్టిన చార్మినార్ నాణేలు వచ్చాయి. మీనార్ల మధ్య ద్వారంలో ఒక పారసీ అక్షరం ఉంటుంది. "మీమ్" ఉంటే మహబూబ్, "ఐన్" ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్. ఉస్మాన్ తొలి నాణేల మీద ఐన్ చిన్నది, తర్వాత పూర్తి రూపం. ఈ తేడా పట్టుకోవడమే ఆ వరసలో మొదటి మెట్టు. నాణెం మీద ఉండే 92 అంకె ముహమ్మద్ నామానికి అక్షర సంఖ్య. హిజ్రీ సంవత్సరం ఒకవైపు, పాలన సంవత్సరం మరోవైపు ఉంటాయి. నాణెం హైదరాబాదును "ఫర్ఖుందా బునియాద్" అన్న బిరుదుతో పేర్కొంటుంది. బరువు 11.18 గ్రాముల దాకా, అంటే బ్రిటిష్ రూపాయి కన్నా తక్కువ. వెండి శాతం కూడా తక్కువే. హైదరాబాదు భారత్‌లో విలీనమయ్యాక ఏడు నిజాం రూపాయిలకు (హాలీ సిక్కా) ఆరు భారత రూపాయిలు లెక్కగట్టారు. సైఫాబాద్‌లోని పాత మింటు భవనంలో 2022లో ప్రదర్శనశాల తెరిచారు. నాణేలు కొట్టే పని అంతకు చాలా ముందే, 1997లో, చర్లపల్లికి తరలింది.

ఇంకా వెనక్కి వెళితే గోదావరి ఒడ్డున కోటిలింగాల. అక్కడ నేల మీద ఏరిన నాణేల్లో శాతవాహన వంశ స్థాపకుడు సిముకుని పేరున్నవి, అతనికి ముందు ఆ ప్రాంతాన్ని ఏలిన గోబద, నారన, కంవాయ, సమగోప వంటివారివి ఉన్నాయి. పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటిని చదివి ప్రకటించాక, శాతవాహనుల తొలి రోజులను ఎక్కడ వెతకాలన్న చర్చే మలుపు తిరిగింది. నాసిక్ జిల్లా జోగల్తంబిలో 1906లో దొరికిన పదమూడు వేలకు పైగా వెండి నాణేల కుప్ప క్షత్రప రాజు నహపానుడి నాణేలది. వాటిలో అధిక భాగం మీద శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్ళీ కొట్టించాడు. ఓడినవాడి ముఖం మీద గెలిచినవాడి గుర్తు. యుద్ధ ఫలితాన్ని ఇంత సూటిగా చెప్పే సాక్ష్యం అరుదు. విజయనగరం వరహాల్లో కృష్ణదేవరాయల బాలకృష్ణుడు, అచ్యుతరాయల గండభేరుండం సేకర్తలు వెంటనే గుర్తుపట్టేవి. వరహా 3.4 గ్రాముల బంగారం. మద్రాసులో 1807-08 ప్రాంతంలో కంపెనీ కొట్టించిన కొన్ని నాణేల మీద తమిళంతో పాటు తెలుగు అక్షరాలు కూడా ఉన్నాయి. మన లిపి కోసం వెతికేవారికి ఇవి అందుబాటు ధరలో దొరుకుతాయి.

మన ఇళ్ళల్లో పాత నాణేలు ఎక్కువగా మిగిలింది నగల్లో. కాసులపేర్లలో, పిల్లల మెడతాళ్ళలో రాణి రూపాయిలు, సవరన్లు కనిపిస్తాయి. ఉంగరం అతికిన నాణెం సేకర్తకు లోహం ధరకే లెక్క. అతుకు విప్పించినా మచ్చ పోదు. అలాంటిదాన్ని నగగానే ఉంచుకోవడం మేలు.

చట్టం

నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు మించితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. ఆ పది రూపాయల హద్దు ఇప్పటికీ మారలేదు. 1972 నాటి పురావస్తు చట్టం కింద వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. దేశంలో ఉంచుకోవచ్చు, కొనవచ్చు. సొంతంగా దేశం దాటించడానికి లేదు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన పిల్లలకు అమ్మమ్మ విక్టోరియా రూపాయిలు ఇచ్చి పంపే ముందు తెలుసుకోవలసిన సంగతి ఇది. వందేళ్ళు నిండలేదని అనుమానముంటే పురావస్తు శాఖ ధ్రువపత్రం తీసుకోవచ్చు. 2011 నాటి నాణేల చట్టం చెలామణీ నాణేలను కరిగించడాన్ని, పాడుచేయడాన్ని నిషేధిస్తుంది. ఒక లావాదేవీలో రూపాయి, ఆపై నాణేలతో వెయ్యి రూపాయల వరకు, అర్ధరూపాయిలతో పది రూపాయల వరకు చెల్లించవచ్చని చెప్పేదీ అదే చట్టం.

చిట్టా

పెద్ద సేకర్తల ఇళ్ళలో ఆల్బమ్ పక్కన ఒక నోటుపుస్తకం ఉంటుంది, ఇప్పుడైతే ఎక్సెల్ షీటు. నాణెం, సంవత్సరం, మింటు, బరువు, స్థితి, ఎవరి దగ్గర, ఎప్పుడు, ఎంతకు కొన్నదీ అందులో రాస్తారు. క్రౌజ్ ప్రపంచ నాణేల కేటలాగు వాడేవారు కేఎం నంబరు కూడా వేస్తారు. ఆ నంబరు ఉంటే ప్రపంచంలో ఏ మూల సేకర్తకైనా అది ఏ నాణెమో వివరించనక్కర్లేదు. హోల్డర్ మీద రాసేటప్పుడు నాణెం పెట్టకముందే రాయాలి, పెట్టాక పెన్ను నొక్కితే గీత పడుతుంది. ఈ పుస్తకం లేని సేకరణలు యజమాని పోయాక బంగారం కొట్టుకు చేరి, వెండి తూకానికి అమ్ముడవుతుంటాయి. 1939 రూపాయీ 1940 రూపాయీ ఆ త్రాసులో ఒకే గిన్నెలో పడతాయి. కొందరు అందుకే పుస్తకం మొదటి పేజీలో, అమ్మవలసి వస్తే ఎవరిని అడగాలో ఇద్దరు స్నేహితుల పేర్లు, ఫోన్ నంబర్లు రాసి పెడతారు.